కుక్కను పంపేస్తే పురుగులు పోవమ్మా

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కాకినాడ. పాత డాబా ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నాం. నేలంతా కడప బండలు. మావారు, అత్తగారు, నాలుగేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప. రాజు అని ఒక ఊరకుక్క మూడేళ్ళుగా మాతోనే పెరుగుతున్నాడు. వేసవికి ముందు ఒక వీధి పిల్లి మా మెట్ల కింద పిల్లల్ని పెట్టింది. సెలవులకు రాజుతో సహా అందరం మా అమ్మగారి ఊరు వెళ్ళాం. 24 రోజులు ఇల్లు తాళం వేసి ఉంది. తిరిగొచ్చి తలుపు తీసి అడుగు పెట్టగానే చిన్న చిన్న నల్ల పురుగులు గెంతి మా కాళ్ళు పట్టుకున్నాయి. పిల్లల కాళ్ళ నిండా ఎర్రటి దద్దుర్లు. దోమల స్ప్రే మూడు డబ్బాలు కొట్టాం. పెస్ట్ కంట్రోల్ అతను వచ్చి మందు కొట్టి, ఇక కనపడవన్నాడు. పన్నెండో రోజుకి మళ్ళీ మొదలు. రాజుకి పిడుదుల మందు తెచ్చి రాసినా తగ్గలేదు. "ఆ కుక్కను ఎక్కడైనా వదిలేసి రండి, లేదంటే నేను చిన్నవాడి దగ్గరికి పోతాను" అంటున్నారు అత్తగారు. వీటివల్ల ప్లేగు వస్తుందని ఆవిడతో ఎవరో అన్నారట. రాజును పంపెయ్యాలా? ఇల్లు ఖాళీ చెయ్యాలా? పేరు రాయకండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే జవాబు కూడా రాసేశారు. 24 రోజులు రాజు ఇంట్లో లేడు. మీరూ లేరు. అయినా ఆ తాళం వేసిన ఇంట్లోంచే కదా అన్ని పురుగులు ఒక్కసారిగా మీ మీద పడ్డాయి? కుక్క లేకపోతే పురుగు ఉండదన్న మాటే నిజమైతే, ఆ రోజు మీ ఇల్లు కడిగిన ముత్యంలా ఉండాలి. అత్తగారితో వాదన పెట్టుకోవద్దు గానీ, సాయంత్రం కాఫీ ఇస్తూ ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

ముందు పురుగు పేరు తేల్చుకుందాం, మీ మందు పనిచెయ్యకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది. కుక్క ఒంటి మీద ఏది కనపడినా మనం పిడుదు అంటాం. కొన్ని ఊళ్ళలో గోమారి అంటారు, కొందరు కుక్కపేలు అంటారు. ముప్ఫై ఏళ్ళు పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను, "పిడుదులకు మందివ్వండి" అని వచ్చినవాళ్ళ కుక్కల్ని బల్ల మీద పడుకోబెట్టి చూస్తే చాలాసార్లు ఒక్క పిడుదూ ఉండేది కాదు. పిడుదుకు ఎనిమిది కాళ్ళు. అది గెంతలేదు. చెవి మడతలోనో కాలివేళ్ళ సందునో కరుచుకుని, రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బి అక్కడే ఉంటుంది. మీ ఇంట్లోది ఆరుకాళ్ళ పురుగు. రెక్కలుండవు. నువ్వుగింజంత ఉంటుంది, ఇంకా చిన్నదీ ఉంటుంది. ముదురు గోధుమ రంగు. రెండు పక్కల నుంచీ నొక్కినట్టు పల్చగా ఉండటం వల్ల బొచ్చులో చేపలా జారిపోతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే చావదు, వేలు తీయగానే గెంతిపోతుంది. పేనును చిదిమినట్టు గోటి మీద పెట్టి గోటితో నొక్కాల్సిందే. ఒక్క గెంతుకు 18 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తుంది. మీ దద్దుర్లన్నీ చీలమండల దగ్గరా పిక్కల మీదా ఉండటానికి కారణం అదే. దీన్ని ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. నేను గెంతుడు పురుగు అనే రాస్తాను, మీరు మాత్రం డాక్టరు దగ్గరా మందుల షాపులోనూ ఫ్లీస్ అనే అనండి.

ఇప్పుడు రాజుకి రాసిన మందు సీసా తీసి చూడండి. దాని మీద అమిట్రాజ్ అని ఉంటే అది పిడుదులకూ గజ్జికీ పనిచేస్తుంది, ఈ పురుగును పెద్దగా ఏమీ చెయ్యదు. షాపతను మిమ్మల్ని మోసం చెయ్యలేదు. మీరు పిడుదుల మందు అడిగారు, అతను పిడుదుల మందే ఇచ్చాడు.

మీకున్నది ఇదే పురుగని రూఢి చేసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఒక తెల్ల కాగితం తడిపి నేల మీద పరవండి. రాజును దాని మీద నిలబెట్టి, తోక మొదట్లో నడుము మీది బొచ్చును వేళ్ళతో ఎదురు దువ్వండి. మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులు రాలతాయి. ఒక్క నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. ఆ నలుసుల చుట్టూ తడిలో తుప్పు రంగు చార విచ్చుకుంటే అది గెంతుడు పురుగు రెట్ట, అంటే రాజు రక్తమే అరిగి ఎండిన పొడి. మీ అత్తగారిని కూడా పిలిచి చూపించండి. చూస్తే వాడి మీద కోపం పోయి కాస్త జాలి పుడుతుందని నా ఆశ.

పన్నెండో రోజున మళ్ళీ ఎందుకు వచ్చాయో చెబుతాను. దీని కథ తెలిస్తే తప్ప మీరు మూడో వారం ధైర్యంగా ఉండలేరు. కుక్క మీదో పిల్లి మీదో చేరిన ఆడ పురుగు రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు మొదలుపెడుతుంది. రోజుకు 40, 50 దాకా పెడుతుంది. అవి పేను ఈపుల్లా వెంట్రుకకు అంటుకోవు. ఉప్పు రవ్వల్లా జారి, కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. మీ వరండాలో, సోఫా కింద, గుమ్మం దగ్గరి పట్టా మీద రాజు పొర్లినప్పుడల్లా విత్తనాలు చల్లినట్టే. కొద్ది రోజుల్లో గుడ్లలోంచి సన్నటి తెల్ల పురుగులు వస్తాయి. వాటికి వెలుతురు గిట్టదు. బండల సందుల్లోకి, పట్టాల అడుక్కి దూరి, పెద్ద పురుగుల నుంచి రాలిన ఆ నల్లటి రెట్టనే తిని బతుకుతాయి. ఆ తరవాత చుట్టూ సన్నటి పట్టు గూడు అల్లుకుంటాయి. గూటి జిగురుకు దుమ్మూ ఇసుకా అంటుకుని, అచ్చం నేల మీది నలకలాగే ఉంటుంది. మీ కళ్ళ ముందున్నా మీరు పట్టుకోలేరు.

ఆ గూట్లోకి మందు దిగదు. పెస్ట్ కంట్రోల్ అతను ఎంత మంచి మందు కొట్టినా దిగదు. పైగా లోపలి పురుగు తయారైపోయాక కూడా తొందరపడి బయటికి రాదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలేదాకా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. మీరు ఊరెళ్ళేముందు రాలిన గుడ్లన్నీ ఆ 24 రోజుల్లో ఈ దశకు చేరాయి. అవి ఎదురుచూస్తున్నది మీ అడుగు చప్పుడు కోసమే. పాపను ఎత్తుకుని మీరు గడప దాటారు, అన్నీ ఒకేసారి లేచాయి. స్ప్రేకి చచ్చినవి ఆ రోజు పైకొచ్చినవి మాత్రమే. పన్నెండో రోజున కనపడినవి అప్పటికి గూళ్ళలో ఉన్నవి.

ఇందులో నా పరువు పోయిన ముచ్చట ఒకటుంది. ఉద్యోగంలో ఉండగా ఒక ఊరికి బదిలీ అయి, మూడు నెలలుగా ఖాళీగా ఉన్న ఇంట్లో దిగాం. అంతకు ముందు అద్దెకున్నవాళ్ళకు పిల్లులుండేవట. మొదటి రాత్రే మా ఆవిడ కాళ్ళు దద్దుర్లెక్కాయి. ఇంటాయన "మా ఇంట్లో అలాంటివి లేవండీ, మీరే ఆసుపత్రి నుంచి మోసుకొచ్చుంటారు" అన్నాడు. నేను మూడు రోజులు మందు కొట్టి, పశువైద్యుడి ఇంట్లోనా వీటి ఆటలు అని మీసం మెలేశాను. పదకొండో రోజు పొద్దున పూజ గదిలోంచి మా ఆవిడ పిలిచి, తన తెల్ల చీర అంచు మీద గెంతుతున్న ఒకదాన్ని చూపించి ఏమీ అనకుండా నవ్వింది. గూటి సంగతి పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాణ్ణే, నా ఇంటికొచ్చేసరికి మరిచిపోయాను.

కాబట్టి పని రెండు చోట్ల ఒకే రోజు మొదలవ్వాలి. రాజు ఒంటి మీద, ఇంటి నేల మీద.

రాజును పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి బరువు తూయించండి. మందు మోతాదు బరువును బట్టే. ఇప్పుడు మంచి మందులున్నాయి. మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు ఒక రకం, ఫిప్రోనిల్ అలాంటిదే. నమిలే మాత్రలు ఇంకో రకం. అఫాక్సోలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ అయితే దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది. మాత్ర మింగిన కుక్కను కుట్టిన పురుగు ఒక్క రోజులోపే, గుడ్లు పెట్టకుండానే చస్తుంది. వాడికి ఎప్పుడైనా మూర్ఛ లాంటిది వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, అప్పుడు వేరే మందు రాస్తారు. చుక్కల మందు వేస్తే రెండు రోజులు ముందూ రెండు రోజులు వెనకా స్నానం చేయించకండి. వేసిన చోట తడి ఆరేదాకా పిల్లల్ని వాణ్ణి నిమరనివ్వొద్దు.

ఇప్పుడు అత్తగారి దగ్గరికి మళ్ళీ వద్దాం. మందు పడ్డ రాజు మీ ఇంట్లో తిరుగుతుంటే గూళ్ళలోంచి లేచిన పురుగులకు మీకంటే వాడే ఇష్టం. వాడి మీదికి గెంతుతాయి, కుడతాయి, చస్తాయి. అంటే వాడే మీ ఉచ్చు. వాణ్ణి ఎక్కడో వదిలేసి వస్తే అవే పురుగులకు మిగిలేది మీరూ మీ పాపా. అందుకే మందు వేశాక వాణ్ణి బయట కట్టెయ్యకండి, ఎప్పుడూ తిరిగే గదులన్నిట్లో తిరగనివ్వండి. మీ మంచాల మీదికి మాత్రం వద్దు.

నేల సంగతి. టైల్స్ ఇల్లయితే తడిగుడ్డతో చాలావరకు పోయేది, మీ కడప బండల మధ్య సందులే అసలు పుట్ట. ఎవరింట్లోనైనా వాక్యూమ్ క్లీనరుంటే రెండు వారాలు అరువు తెచ్చుకోండి. సన్నటి మూతి తగిలించి రోజు విడిచి రోజు ప్రతి సందూ, గోడ వారలూ, సోఫా మడతలూ, దివాన్ కిందా లాగండి. ఆ అదురుకు గూళ్ళలోవి బయటికొస్తాయి, అది మనకు మంచిదే. లాగిన దుమ్మును వెంటనే కవర్లో మూట కట్టి వీధి చెత్తబండిలో వెయ్యండి, లేకపోతే వంటింటి మూల డబ్బాలోంచి మళ్ళీ గెంతుకొస్తాయి. వాక్యూమ్ దొరక్కపోతే కొబ్బరి ఈనెల చీపురు మొదలు పట్టుకుని సందుల్లో గీకి ఎత్తండి, తరవాత సబ్బు కలిపిన వేడినీళ్ళతో తుడిచి ఫ్యాను వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆరడం ముఖ్యం. గాలిలో తేమ యాభై శాతం కంటే తగ్గితే ఆ తెల్ల పురుగులు ఎండి చస్తాయి. కాకినాడ గాలిలో తేమకు కొదవ లేదు కనుక ఫ్యానే దిక్కు. పురుగులన్నీ పోయాక ఇంటాయన్ని అడిగి సందుల్లో వైట్ సిమెంట్ పూయించుకోండి.

రాజు పడుకునే గోనెపట్టాను ఉతికే పని పెట్టుకోకండి, మూట కట్టి పారెయ్యండి. బదులుగా రెండు పాత దుప్పట్లు పెట్టుకుని వారానికొకటి మారుస్తూ, తీసినదాన్ని కాగిన నీళ్ళలో నానబెట్టి ఉతకండి. బొంతలూ దిండ్లూ పరుపులూ మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు మూడు రోజులు తిరగేస్తూ వెయ్యండి. మన ఎండను ఆ లేత పురుగులు తట్టుకోలేవు. దొడ్లో మీకు పని తగ్గేది కూడా అందువల్లనే. ఎండ పడే వాకిట్లో వెతకనక్కర్లేదు, మందూ కొట్టనక్కర్లేదు. మెట్ల కింద, నీడలో ఉన్న ఇసుక కుప్ప, చాకిరేవు బండ వెనక, రాజు కాళ్ళతో తవ్వుకుని పడుకునే గుంట. ఈ నాలుగు చోట్లే చూడండి.

పెస్ట్ కంట్రోల్ అతన్ని మళ్ళీ పిలవడం మంచిదే, కానీ ఈసారి మందు పేరు అడిగి డబ్బా చూడండి. పెద్ద పురుగును చంపే మందుతో పాటు పైరిప్రాక్సిఫెన్ గానీ మెథోప్రీన్ గానీ ఉండాలి. ఇవి గుడ్లు పొదగకుండా, తెల్ల పురుగులు పెద్దవి కాకుండా ఆపుతాయి. గూళ్ళకు ఇవీ పనిచెయ్యవు, అందుకని రెండు మూడు వారాలకు రెండోసారి రావాలని ముందే మాట్లాడుకోండి. ఒక్కసారితో అయిపోతుందని ఎవరైనా అంటే, నమస్కారం పెట్టి ఇంకొకర్ని చూసుకోండి. మందు కొట్టిన రోజు తడి పూర్తిగా ఆరి, తలుపులు తీసి గాలాడాక గానీ పిల్లలూ రాజూ లోపలికి రావద్దు. పాప నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే వయసు.

మెట్ల కింద పిల్లి ఉంది కనుక ఇది గట్టిగా చెబుతున్నాను. కుక్కల మందు పిల్లికి వెయ్యొద్దు. కుక్కలకు వాడే పర్మెత్రిన్ చుక్క పిల్లి మీద పడితే వణుకు పుట్టి, ఫిట్లు వచ్చి ప్రాణం పోతుంది. అమిట్రాజ్ కూడా వాటికి పడదు. ఆ మెట్ల కింద స్ప్రే కొట్టాలనుకుంటే పిల్లలు ఇంకా లోపల ఉన్నాయేమో టార్చి వేసి చూశాకే. తల్లి పిల్లికి సెలామెక్టిన్ చుక్కలు డాక్టరు సలహాతో వెయ్యొచ్చు. పిల్లికూనల్ని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, దువ్వెనను సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచితే పురుగులు మునిగి చస్తాయి. కూన నోరు తెరిచి చిగుళ్ళు చూడండి. గులాబి రంగులో ఉంటే పర్లేదు, తెల్లగా పాలిపోయి ఉంటే పురుగులు దాని రక్తమంతా తాగేస్తున్నాయని అర్థం, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. కూనలు పెద్దవై వెళ్ళిపోయాక ఆ సందును రేకుతోనో ఇటుకలతోనో మూయించండి. తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే వచ్చే ఏడు ఇదే ఉత్తరం మళ్ళీ రాయక్కర్లేదు.

చుట్టుపక్కలవాళ్ళు చెప్పే చిట్కాల గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే ఈపాటికి మీకు పది చెప్పి ఉంటారు. కుక్కకు కిరసనాయిలు రాయడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. చర్మం కాలుతుంది, నాకితే లోపలికి పోయి ఊపిరితిత్తులు పాడవుతాయి. గమాక్సిన్ పొడి మన దేశంలో 1997లోనే నిషేధించారు, ఎవరి అటక మీదైనా పాత పొట్లం దొరికితే దాన్ని వాడొద్దు. వెల్లుల్లి తినిపిస్తే పురుగులు రావంటారు, వెల్లుల్లీ ఉల్లీ కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, పిల్లులకు ఇంకా చెడు. వేపాకు పొగకు ఇల్లు కాసేపు వాసన మారుతుంది, అంతకు మించి నేను చూసిందేమీ లేదు. సందుల్లో ఉప్పు చల్లమంటారు. కాకినాడలో మూత తీసిన ఉప్పు డబ్బా ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

పిల్లల విషయానికొస్తే, ఈ పురుగు మనుషుల తలలో కాపురం పెట్టదు, కుట్టి దిగిపోతుంది. బాబుకు పేలు పడతాయన్న భయం వద్దు. దద్దుర్లకు చల్లటి నీళ్ళ గుడ్డ వేసి, కాలమైన్ లోషన్ రాసి, గోళ్ళు కురచగా కత్తిరించండి. గోకి గోకి చీము పడితేనే అసలు బాధ, అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇంకొకటి. రాజు మలద్వారం దగ్గరో వాడి పక్క మీదో బియ్యపు గింజల్లాంటివి కనపడితే అవి బద్దెపురుగు ముక్కలు. ఈ గెంతుడు పురుగును కొరికి మింగినప్పుడు కుక్కకు ఆ బద్దెపురుగు పడుతుంది. పసిపిల్లలు పొరపాటున పురుగును మింగినా పట్టొచ్చు. ప్రాజిక్వాంటెల్ అనే మందుతో పోతుంది, భయపడాల్సింది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు రాజుకు అదీ అడగండి.

ప్లేగు మాట మీ అత్తగారు ఊరికే అనలేదు. ఎలుకల మీది ఫ్లీ వల్లే ప్లేగు పాకుతుందని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. 1994లో సూరత్ నుంచి జనం రైళ్ళెక్కి పారిపోయిన రోజులు ఆవిడకు గుర్తుండే ఉంటాయి. కానీ ఆ రోగం మోసేది ముఖ్యంగా ఎలుక ఫ్లీ. మీ ఇంట్లోది కుక్కల మీదా పిల్లుల మీదా బతికే రకం, దాని ఇంగ్లీషు పేరే క్యాట్ ఫ్లీ. పేరు పిల్లిదైనా కుక్క మీదా హాయిగా కాపురం చేస్తుంది. కుక్కను పెంచే ఇళ్ళన్నిటికీ ప్లేగు వచ్చేదైతే నేనీ పాటికి ఉండేవాణ్ణి కాదు. చూడాల్సింది ఎలుకల్ని. ఇంటి చుట్టూ ఎలుకలు కారణం లేకుండా రాలి పడుతుంటే ముట్టుకోకుండా మున్సిపాలిటీ ఆరోగ్య విభాగానికి చెప్పాలి. అలాగే పురుగులు కుట్టిన రోజుల్లో ఎవరికైనా విడవని జ్వరం, తలనొప్పి, ఒంటి మీద దద్దు వస్తే, డాక్టరుకు ఇంట్లో ఫ్లీస్ ఉన్నాయన్న మాట మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. పేపర్లలో రాసే స్క్రబ్ టైఫస్ మాత్రం వీటివల్ల కాదు, పొదల్లో ఉండే ఇంకో సన్నటి పురుగు వల్ల, ఇంగ్లీషులో మైట్ అంటారు.

ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. సామానుతో పాటు గుడ్లూ గూళ్ళూ లారీ ఎక్కి కొత్తింటికి వస్తాయి.

ఇక ఎప్పటికి పోతాయంటారు. రాజుకు మందు పడ్డ తేదీని గోడ క్యాలెండరులో రాసుకోండి. మొదటి వారం బాగా తగ్గినట్టుంటుంది. రెండు, మూడు వారాల్లో మళ్ళీ కనపడతాయి. అప్పుడు ఇంట్లో గొడవ ఖాయం, మందు నకిలీదంటారు, కుక్క పేరు మళ్ళీ ఎత్తుతారు. ఆ రోజుల్లోనే పట్టు విడవకూడదు. చీపురూ వాక్యూమూ ఆపకండి, రాజు మందు తేదీ తప్పనివ్వకండి. కనీసం మూడు నెలలు వరసగా ఇవ్వాలి. పురుగులు కనపడటం మానేసినా ఇవ్వాలి.

తగ్గుతున్నాయో లేదో కళ్ళతో చూసే ఉపాయం చెబుతాను. బాబు స్కూలు సాక్సుల్లాంటివే తెల్లవి, పెద్ద సైజువి కొనండి. రోజూ ఒకే వేళకు మీవారు వాటిని మోకాళ్ళ దాకా లాక్కుని, ప్రతి గదిలో రెండు నిమిషాలు కాళ్ళీడుస్తూ నడవాలి. తెల్లటి మీద నల్లటివి ఎన్ని ఎక్కాయో లెక్కపెట్టి, సబ్బునీళ్ళలో దులిపి, ఆ అంకె క్యాలెండరు గడిలో వెయ్యండి. ఏ గదిలో ఎక్కువో కూడా తెలుస్తుంది. మాకు వంటింట్లో ఒక్కటీ ఉండేది కాదు, మంచం కింద మాత్రం అంకె దిగడానికి నెలన్నర పట్టింది. రాత్రిళ్ళు ఒక స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి, నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, దాని మీద ఒక అడుగు ఎత్తున పాత పసుపురంగు బల్బు వెలిగించి పెట్టండి. ఎల్‌ఈడీ వద్దు, వేడి రాదు. వెలుగుకూ వేడికీ గెంతి నీళ్ళలో పడతాయి, సబ్బు వల్ల పైకి తేలలేవు. ఇది వైద్యం కాదు, లెక్క తెలుసుకోవడానికే. కానీ పొద్దున్నే లేచి పళ్ళెం చూసే పని మీ అత్తగారికి అప్పగించండి. రోజురోజుకూ అంకె తగ్గడం ఆవిడ కళ్ళతో ఆవిడే చూస్తే, మీరు రాజు తరఫున వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు.

దసరాకు మళ్ళీ ఊరెళ్తారేమో. తిరిగొచ్చిన రోజు పిల్లల్ని వరండాలోనే కూర్చోబెట్టి, ముందుగా మీవారిని ఆ తెల్ల సాక్సులతో లోపలికి పంపండి.